పొలం నుంచి బయటపడాలని చదివిస్తే మళ్ళీ మట్టిలోకేనా మేడమ్?

ఈ వారం ఉత్తరం నకిరేకల్ దగ్గరి ఒక తండ్రిది. పెద్ద ఉత్తరం, కుదించి ఇస్తున్నా.

"మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. నీట్ రెండుసార్లు రాసింది, ఇక రాయనంటోంది. డాబా మీద పాత పెయింట్ డబ్బాల నిండా మొక్కలే. విల్లాల్లో, ఆఫీసుల ముందు వేసే ఏడాది పొడవునా పచ్చగా ఉండే మొక్కలు, నేల మీద పరుచుకునే మొక్కలు గుర్తుపట్టడం, పెంచడం నేర్చుకుంటా, హైవే మీద నర్సరీకి పోతా అంటోంది. హైదరాబాద్‌లో ఒక సంస్థ ఆరు నెలల్లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని చేస్తామంటోంది, ఫీజు లక్షా ఇరవై వేలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అట. అది మంచిదా, బీఎస్సీ హార్టికల్చర్ మంచిదా, పోల్చి చెప్పండి. మాకు మూడెకరాల చెలక ఉంది, నాలుగు బోర్లు వేశా, ఒక్కటీ నిలవలేదు. పొలం నుంచి బయటపడాలనే బిడ్డను చదివించా. మళ్ళీ మట్టిలోకేనా మేడమ్? చుట్టాలు మాలి పని అంటున్నారు."

అన్నా, పోలిక అడిగారు, చెప్తా. కానీ మీరు రాత్రిపూట నిద్రపోకుండా ఆలోచిస్తున్నది ఆ పోలిక గురించి కాదని మీ చివరి రెండు వాక్యాలు చూస్తేనే తెలుస్తోంది. ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఒకరు పశువుల డిప్లొమా అని రాస్తారు, ఒకరు చేపల కోర్సు అని రాస్తారు, కింద ఉండే భయం మాత్రం ఒక్కటే, నేను పడ్డ కష్టం నా బిడ్డ పడొద్దు అని. అది తప్పు కాదు. మీ నాలుగు బోర్ల లెక్క చదివి నాకూ కడుపులో దేవినట్టయింది. అయితే మిమ్మల్ని ముంచింది మట్టేనా, అడుగున లేని నీళ్లా, మార్కెట్‌లో రాని రేటా, ఒకసారి మీరే చెప్పుకోండి. మీ అమ్మాయి వానకు ఎదురుచూసే పంట వేయబోవడం లేదు. మొక్క పేరు, దాని బుద్ధి తెలిసిన మనిషి కాబోతోంది, అలాంటి మనిషి మన వైపు నిజంగా తక్కువ.

ఎంత తక్కువో చెప్తా వినండి. కాలనీల్లో ప్రహరీ పక్కన నిటారుగా, దీపస్తంభంలా నిలబడే చెట్టును అందరం అశోక అంటాం కదా. అది నరమామిడి, సీతాఫలం కుటుంబం. సీతమ్మ కూర్చున్న అశోకం వేరే చెట్టు, చిక్కుడు కుటుంబంలోది, నారింజ ఎరుపు పూలు గుత్తులుగా పూస్తుంది. ఆర్డరు కాగితంలో "అశోక, 40" అని రాసి ఉంటే ఏది తేవాలి? రాసినాయనకు తెలియదు, తెచ్చినాయనకు తెలియదు, బిల్లు మాత్రం పాస్ అవుతుంది, మూడేళ్ల తర్వాత ఇంటాయన పూలేవని అడుగుతాడు.

అసలు గుర్తుపట్టడం అంటే ఫోన్ పైకెత్తి గూగుల్ లెన్స్ పెట్టడం కాదు. కణుపు దగ్గర చూడాలి. నందివర్ధనానికి ఆకులు ఎదురెదురుగా రెండేసి ఉంటాయి, గిల్లితే పాలు కారతాయి. మర్రి, రావి జాతి ఫైకస్‌కు కూడా పాలే, కానీ ఆకులు ఒకటి అటు ఒకటి ఇటు వస్తాయి, ప్రతి కణుపు దగ్గర కొమ్మ చుట్టూ ఉంగరంలా సన్నటి గీత ఉంటుంది. గన్నేరుకు ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు. ఈ మూడు ముక్కలు వేళ్ల మీద ఉన్న పిల్ల, పూలు లేని రోజున కూడా, నర్సరీలో సంచి మీద చీటీ తప్పు అంటించినా పట్టేస్తుంది. గన్నేరు విషం, చిన్నపిల్లల బడి లోపల వేయకూడదు అన్న సంగతి కూడా ఆ గుర్తుపట్టడంతోనే మొదలవుతుంది. ఎవర్‌గ్రీన్ అంటే ఆకు రాలదని కాదు, రాలుతుంది, గుల్మొహర్‌లా ఒకేసారి బోడిగా నిలబడదు, పొగడ చెట్టులా పాతాకు పోతుంటే కొత్తాకు వస్తూ ఉంటుంది, అంతే. ఇది తెలియక ఫిబ్రవరిలో ఫోన్ చేసి మీ చెట్టు చచ్చిపోయింది పైసలు వాపస్ ఇవ్వండి అనేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు ఓపిగ్గా చెప్పడం కూడా ఉద్యోగమే.

ఇక మన నీళ్లు. నల్గొండ బోరు నీళ్ల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నూరు వరహాలు మొక్క తెచ్చి ఆ నీళ్లే పోస్తూ ఉంటే కొన్నాళ్లకు లేతాకు పసుపు తిరుగుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. జనం యూరియా చల్లుతారు. లోటు నత్రజనిది కాదు, ఇనుముది. ఆ నీళ్లతో నేలలో క్షారం ఎక్కువైతే ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని గీసిన డ్రాయింగ్‌లో ఇది కనబడదు, నకిరేకల్‌లో రెండు ఎండాకాలాలు మొక్కలు పెంచిన పిల్లకు కనబడుతుంది. ఆ లెక్కన చూస్తే మీ డాబా మీది పెయింట్ డబ్బాలు చెత్త కాదు, ఆ పిల్ల ప్రాక్టికల్ రికార్డు.

ఇప్పుడు ఆ లక్షా ఇరవై వేల కోర్సు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే ఈ ఏడాది నాకొచ్చిన ఉత్తరాల్లో దీని ముచ్చట చాలాసార్లు వచ్చింది.

మొదటి మాట. ఆరు నెలల్లో ఎవరూ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కారు. ఉత్త ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అన్న పేరును మాత్రం ఆ చట్టం మినహాయించింది. కానీ పేరు కాదు, చదువు కావాలంటే మామూలు దారి ఐదేళ్ల బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, ల్యాండ్‌స్కేప్ అనేది ఆ పైన మాస్టర్స్‌లో వస్తుంది. బీఆర్క్‌లో చేరాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి, మీ అమ్మాయిది బైపీసీ. అంటే ఆ సంస్థ వాళ్లు మీ ఫోన్ ఎత్తిన మొదటి నిమిషంలోనే చెప్పాల్సిన మాట చెప్పలేదు. అది చెప్పనివాళ్లు ప్లేస్‌మెంట్ గురించి చెప్పింది ఎంత నిజమో మీరే అనుకోండి.

రెండోది, ఇది నా తప్పు కూడా. కొన్నేళ్ల కింద నేనే ఒక అబ్బాయిని ఇలాంటి కోర్సుకు పంపా, పేర్లు వద్దు. కంప్యూటర్‌లో విల్లా బొమ్మ వేసి చుట్టూ చెట్లు, ఫౌంటెన్, సాయంత్రం వెలుతురు అన్నీ పెట్టి వీడియో చేయడం నేర్చుకున్నాడు, చూస్తే కళ్లు చెదిరాయి, నేనూ మెచ్చుకున్నా. ఇంటర్వ్యూలో సైటు సూపర్‌వైజరు ఒక కొమ్మ విరిచి చేతిలో పెట్టి ఇదేం మొక్క అన్నాడట. వీడి సాఫ్ట్‌వేర్‌లో అది పచ్చ గుండ్రం. చివరికి గ్యారంటీ ప్లేస్‌మెంట్ అంటూ ప్లాస్టిక్ గడ్డి అమ్మే షోరూంలో నిలబెట్టారు. వాళ్ల అమ్మ నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడదు, ఆమెదేం తప్పు లేదు.

బొమ్మ గీయడం పనికిరాదని కాదు నేననేది. ముందు మొక్క రావాలి, గీయడం తర్వాత మూడు నెలల్లో వస్తుంది, అదీ తక్కువ ఖర్చులో. తిరగేసి నేర్చుకున్నవాళ్లు ఆ సీజన్ ఫ్యాషన్ మీద బతుకుతారు. కోనోకార్పస్ గుర్తుందా, తొందరగా గోడలా పెరుగుతుందని ప్రతి వెంచర్‌లో వేశారు, 2023లో గుజరాత్ దాన్ని నాటడమే నిషేధించింది. అదొక్కటే తెలిసినవాడు ఆ రోజు ఏం చేస్తాడు? పది రకాల హెడ్జ్ మొక్కలు తెలిసిన మనిషి మర్నాడే ఇంకోటి చెప్తాడు.

బీఎస్సీ హార్టికల్చర్ సంగతి పొట్టిగా. నాలుగేళ్లు, శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద, మీకు రాజేంద్రనగర్, వనపర్తి జిల్లా మోజెర్ల కాలేజీలు ఉన్నాయి. సీటు ఎప్‌సెట్ బైపీసీ ర్యాంకు మీద, నీట్ మీద కాదు. రాశిందో లేదో ఉత్తరంలో లేదు, రాయకపోతే వచ్చే ఏడాది రాయించండి. సీటు వస్తే కళ్లు మూసుకుని చేర్చండి. అందులో పండ్లు, కూరగాయలే ఎక్కువ, ల్యాండ్‌స్కేపింగ్ కొద్ది భాగమే, కానీ నేల, తెగులు, నర్సరీ పద్ధతిగా వస్తాయి, ఎమ్మెస్సీకి దారి ఉంటుంది. సర్కారు కొలువు కోసమే అయితే మాత్రం ఆశ కొంచెం తగ్గించుకోండి, 2022 చివర్లో రాష్ట్రం మొత్తానికీ హార్టికల్చర్ ఆఫీసర్ పోస్టులు పడింది 22. ఇంకో సంగతి, ఈ సీట్లలో రైతుల పిల్లలకు కోటా ఉంది. ఆ ఏటి నోటిఫికేషన్‌లో షరతులు చూసుకుని పాస్‌బుక్, ఊళ్లో చదివిన సర్టిఫికెట్లు తీసి పెట్టండి. బిడ్డను ఏ చెలక నుంచి తప్పించాలనుకున్నారో ఆ చెలక కాగితమే బిడ్డకు సీటు తేవచ్చు.

సీటు రాకపోతే ఏం మునిగిపోదు. నల్గొండలోనే బాటనీ ఉన్న డిగ్రీలో చేరి, సెలవుల్లో నర్సరీకి పోవచ్చు. పోలిక అడిగారు కాబట్టి నా వరుస ఇది: హార్టికల్చర్ సీటు, లేదంటే బాటనీ డిగ్రీ ప్లస్ నర్సరీ, ఆ ఆరు నెలల కోర్సు నా లిస్టులోనే లేదు.

ఇప్పుడు కొంచెం కోపంగానే మాట్లాడతా, ఏమీ అనుకోవద్దు. రెండేళ్ల నీట్ కోచింగ్‌కు ఎంత కట్టారో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. కట్టేముందు ఎవరినీ పోల్చి చెప్పమని అడిగి ఉండరు కూడా. ఇప్పుడు ఆ పిల్ల పైసా ఖర్చు లేని దారి అడుగుతుంటే, నర్సరీకి పోను రాను ఆర్టీసీ బస్సులో ఆమెకు టికెట్ ఖర్చు కూడా లేని రోజుల్లో, మీకు చుట్టాల మాట గుర్తొచ్చింది. మాలి పని అన్న ఆ చుట్టం మీ ఒక్క బోరుకైనా పైపు కొనిచ్చాడా? ఆ పని చేసేవాళ్ల చేతుల మీదే ఆ విల్లాలన్నీ పచ్చగా ఉన్నాయి. డాక్టరు కాలేదన్న బాధ మీదైతే అది మీదని ఒప్పుకోండి, బిడ్డ మీద వేయకండి. పాలమూరు పిల్లలమర్రికి చెద పట్టి ఊడలు పడిపోతుంటే 2018లో సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారు, పేపర్లలో మీరూ చూసే ఉంటారు. చెట్టుకూ డాక్టరు కావాలి.

ఈ ఏడాది ఏం చేయాలంటే, ముందు మీరే ఆమెతో ఆ నర్సరీకి వెళ్లి ఓనరుతో మాట్లాడండి. కవర్లు నింపేది, కలుపు తీసేది చాలాచోట్ల ఆడవాళ్లే, వాళ్లతో కూడా మాట్లాడితే అక్కడి వాతావరణం ఎలాంటిదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మృగశిర కార్తె దాటి వానలు పడితే కటింగులకు మంచి కాలం. కణుపుకు కాస్త కింద కోసి, కింది ఆకులు తీసేసి, ఎర్రమట్టి ఇసుక కలిపిన సంచిలో గుచ్చి నీడ వల కింద పెట్టాలి. ఊదా ఆకుల సెట్‌క్రేసియా గుచ్చిన కొద్దిరోజులకే వేరు పట్టేస్తుంది, నందివర్ధనానికి వారాలు ఓపిక పట్టాలి. ఎన్ని గుచ్చింది, ఎన్ని బతికాయి, ఏ తేదీన వేరు కనబడింది, నోట్‌బుక్‌లో రాయమనండి. అసలు పరీక్ష వచ్చే రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో ఏవి నిలిచాయో చూసుకోవాలి. గోల్డెన్ డురంటా ఎండలో బంగారంలా ఉండి నీడలో మామూలు పచ్చగా ఎందుకు మారుతుందో పుస్తకం చదవకుండానే అర్థమవుతుంది.

లెక్కలు కూడా చేయించండి. నేలను కప్పే మొక్కలు ఆరంగుళాలకొకటి వేస్తే చదరపు అడుగుకు నాలుగు, వెయ్యి చదరపు అడుగులకు నాలుగు వేలు. అందులో పదో వంతు చస్తే నాలుగు వందలు మళ్ళీ వేయాలి, చాలా కాంట్రాక్టుల్లో ఆ ఖర్చు వేసినవాళ్లదే, కొంత బిల్లు అప్పటిదాకా ఆపుతారు కూడా. తొమ్మిదంగుళాలకు వేస్తే మొక్కలు సగానికి తక్కువే పడతాయి, కానీ మధ్యలో కలుపు ముందు లేస్తుంది. ఈ బేరం తెలిసిన పిల్లను ఏ కాంట్రాక్టరూ వదులుకోడు. ఒక ఆదివారం జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోని తెలంగాణ బొటానికల్ గార్డెన్‌కు తీసుకెళ్లండి, ముందు ఫోన్ చేసి ఎప్పుడు తెరిచి ఉంటుందో కనుక్కుని వెళ్లండి. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో నర్సరీ శిక్షణ ఏదైనా ఉందేమో అడగండి.

ఏడాది తర్వాత ఆమెకే విసుగొస్తే? రావచ్చు. అప్పటికి పోయింది ఒక ఏడాది, లక్షా ఇరవై వేలు కాదు, డిగ్రీ ఎటూ నడుస్తూనే ఉంటుంది.

ఉత్తరం వెనకవైపు మీరు ఇంకో ముక్క రాశారు, పసుపు పూల తీగ ఒకటి డబ్బాలోంచి దిగి మెట్ల మీదకు పాకింది, కాలు పెట్టే సందు లేదు, దాని పేరేంటి, పీకేయాలా అని. మీరు చెప్పినదాన్ని బట్టి వెడీలియా అయి ఉండాలి, మన గుంటగలగరకు దూరపు చుట్టం, కణుపు నేల తాకితే చాలు వేరు పట్టేస్తుంది, వదిలేస్తే మీ మెట్లే కాదు పక్కింటివి కూడా ఎక్కుతుంది. కానీ అన్నా, ఆ ప్రశ్న నకిరేకల్ నుంచి నాకు పోస్టులో పంపారు. డాబా మీదికి పోయి ఆ పిల్లను అడిగి ఉంటే నాకంటే ముందే చెప్పేది.