పాత ఇంట్లో సీసం పెయింట్: ఓనర్‌ను ఏం అడగొచ్చు?

ప్రశ్న: న్యూజెర్సీలో 1950ల నాటి రెండు పోర్షన్ల ఇంట్లో నాలుగు నెలలుగా అద్దెకుంటున్నాం. ఓనర్ వేరేచోట ఉంటారు. కిటికీల దగ్గర పెయింట్ పెచ్చులూడుతోంది. రెండేళ్ల పాప ఆ గట్టు పట్టుకునే నిలబడుతుంది, చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఓనర్‌ను అడిగితే ‘మనిషిని పంపి గీకిస్తా, నచ్చకపోతే ఖాళీ చేయండి’ అంటున్నారు. మావారిది హెచ్1బీ. కంప్లైంట్ ఇస్తే వీసాకు ఇబ్బందా? అద్దె ఆపేయవచ్చా?

జవాబు: ముందు వీసా టెన్షన్ వదిలేయండి. ఇంటి గురించి మున్సిపాలిటీకిచ్చే ఫిర్యాదుకూ హెచ్1బీకీ సంబంధం లేదు. ఏ వీసా మీద ఉన్నా అద్దెదారుగా మీ హక్కులు అవే.

అడిగింది లాయర్నే అయినా, మీరు మొదట వెళ్లాల్సింది పిల్లల డాక్టర్ దగ్గరికి. న్యూజెర్సీలో పిల్లలకు ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ల వయసులో మరోసారి రక్తంలో సీసం పరీక్ష చేయాలి. పాపకు అయిందో లేదో కనుక్కోండి. డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలో అది ఎక్కువే. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఆ రిపోర్టే మీ చేతిలో గట్టి సాక్ష్యం.

ఇళ్ల పెయింట్‌లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. అంతకుముందు కట్టిన ఇల్లు అద్దెకిచ్చేవారు, లీజుకు ముందే తమకు తెలిసిన సీసం వివరాలు రాసిచ్చి, ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) బుక్‌లెట్ కూడా ఇవ్వాలని 1992 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. మీ లీజు పీడీఎఫ్ మళ్లీ తెరిచి చూడండి. సంతకం గడి కనిపించిన చోటల్లా నొక్కుకుంటూ పోతాం కదా, ఈ ఫారం కూడా అందులో కలిసిపోయి ఉండొచ్చు. ఓనర్ ‘నాకేమీ తెలియదు’ అన్న గడిలో టిక్ పెట్టి ఉంటే, నిజంగా తెలియనప్పుడు అది చెల్లుతుంది. ఈ చట్టం తెలిసింది చెప్పమంటుంది, పరీక్ష చేయించమనదు. తెలిసి ఉల్లంఘించారని తేలితే మాత్రం జరిగిన నష్టానికి మూడు రెట్లు పరిహారం అడగవచ్చు. నష్టం రుజువు చేయాల్సింది మీరే. ఫారం లేదన్న ఒక్క కారణంతో లీజు రద్దు కాదు.

మీకు అసలు బలం రాష్ట్ర చట్టంలో ఉంది. 2022 జూలై 22న అమల్లోకి వచ్చిన ఈ చట్టం కింద మీలాంటి పాత అద్దె ఇళ్లకు సీసం తనిఖీ తప్పనిసరి. అద్దెదారు మారినప్పుడైనా, మూడేళ్లకోసారైనా, ఏది ముందైతే అప్పుడు. చెల్లుబాటులో ఉన్న లెడ్-సేఫ్ (సీసం ప్రమాదం లేదనే) సర్టిఫికెట్ గానీ, ఇంట్లో సీసం పెయింటే లేదన్న సర్టిఫికెట్ గానీ ఉంటే మినహాయింపు. మీరు దిగి నాలుగు నెలలే కాబట్టి, ఏదో ఒక కాగితం ఉండి తీరాలి. ఓనర్‌ను రాతపూర్వకంగా అడగండి. రాకపోతే మున్సిపాలిటీని తనిఖీకి కోరండి. ప్రమాదం ఉందని తేలితే ఓనర్ సరిచేయించాలి. నోటీసిచ్చాక 30 రోజుల్లో దారికి రాకపోతే వారానికి 1,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

గీకించడానికి మాత్రం ఒప్పుకోకండి. పొడిగా గీకితే లేచే ధూళి పెచ్చుల కన్నా ప్రమాదం. ఇలాంటి ఇళ్లలో ఒక గదిలో 6 చదరపు అడుగులకు మించి పాత పెయింట్‌ను కదిలించాలన్నా, కిటికీ మార్చాలన్నా ఈపీఏ సర్టిఫికెట్ ఉన్న సంస్థే చేయాలి. పనికి ముందు ఆ సర్టిఫికెట్ కాపీ అడగండి.

అద్దె విషయంలో తొందరపడవద్దు. నివాసయోగ్యంగా ఉంచే బాధ్యత ఓనర్‌దేనని, చెప్పినా చేయకపోతే అత్యవసర రిపేరు మీరే చేయించి అద్దెలో తగ్గించుకోవచ్చని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1970లోనే, మారినీ కేసులో తేల్చింది. కానీ ఉన్నట్టుండి అద్దె మానేస్తే ఖాళీ చేయించే కేసు మీ మీదికే వస్తుంది. లాయర్‌కు లీజు చూపించాకే ఏ నిర్ణయమైనా. అద్దె కడుతున్నంత వరకు ‘నచ్చకపోతే పొండి’ అన్నంత మాత్రాన పోనక్కర్లేదు. చట్టం చెప్పిన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు, ఫిర్యాదు చేశారన్న కక్షతో అసలే కుదరదు.

ఈ వారమే ఫోటోలు తీసి, ఎప్పుడు ఏం జరిగిందో రాసి, ఓనర్‌కు సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. పనయ్యేదాకా పాప మంచం కిటికీకి దూరంగా జరపండి, గట్టును చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవండి.