పిన్ని సన్మానం గురించి

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన కార్యక్రమం కాగితం చూశాను. సింగ్ నగర్‌లో కుట్టుమిషను పని చేసే, మీరంతా మిషను పిన్ని అని పిలుచుకునే ఆవిడకి, ఇన్నేళ్ల సేవకుగాను సన్మానం చేయాలని మీ కమిటీ అనుకోవడం మంచి పని. ఎప్పుడో చేయాల్సింది కూడా. కానీ ఆ కాగితంలో ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షుడు అందరూ అయ్యాక ఎక్కడో అడుగున ఆవిడ పేరుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

బెజవాడలో సన్మానాలకి కొదవ లేదు. ఆ మధ్య ఒకదానికి వెళ్లాను. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. సన్మానం చేయించుకునే పెద్దాయన మెడలో దండతో, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. వచ్చిన అతిథి తన పార్టీ గురించి మాట్లాడి, శాలువా కప్పి, ఫోటో దిగి వెళ్లిపోయాడు. పెద్దాయన మైకు అందుకునేసరికి జనం భోజనాల దగ్గరున్నారు. మీరు నాయకుల్ని పిలవాలనుకుంటే పిలవండి, కాదనను. చెప్పిన టైముకి మాత్రం మొదలుపెట్టేయండి. వచ్చినవాళ్లు వస్తారు.

మొదట ఆవిడని అడగండి. సర్‌ప్రైజ్ ఇద్దామని రాశావు. పుట్టినరోజు కేకుకైతే సరే. పెద్ద వయసు మనిషిని చెప్పకుండా స్టేజీ ఎక్కించి మైకు చేతిలో పెడితే టెన్షన్ తప్ప సంతోషం ఉండదు. అడిగితే వద్దంటుంది. మొదటిసారి ఎవరైనా అదే అంటారు. రెండోసారి ఆడవాళ్లని పంపండి. అప్పుడూ గట్టిగా వద్దంటే మానేయాలి, బలవంతపు గౌరవం ఎవరికి కావాలి? ఒప్పుకుంటే, పక్కన ఎవరుండాలో కూడా ఆవిడనే అడగండి. కాన్పు నొప్పులు పడుతున్నవాళ్లని హనుమాన్‌పేట పాత ఆసుపత్రికి రాత్రిపూట తీసుకెళ్లిన ఆటో ఆయన పేరు ముందు చెబుతుందని నా అంచనా. ఆయన్ని స్టేజీ మీద కూర్చోబెట్టండి. చాలాసార్లు కిరాయి కూడా తీసుకోలేదు పాపం.

ఇక సన్మాన పత్రం. 'కరుణామయి, సేవాతత్పరురాలు, మాతృమూర్తి' అని రాసి పంపావు. ఈ మాటలు ఏ ఊళ్లో ఎవరికి చదివినా సరిపోతాయి. ఆవిడ చేసిన పనులు రాయి. పింఛను దరఖాస్తులు నింపింది. ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో తెలియనివాళ్ల వెంట వెళ్లి లైన్లో నిలబడింది. మే నెలలో చలివేంద్రం పెట్టినవాళ్లు ప్రారంభోత్సవం ఫోటో దిగి పోయాక, రోజూ ఆ కుండలు కడిగి నీళ్లు నింపింది ఆవిడే. ఎంతమంది ఆడపిల్లలు ఆ మిషను దగ్గర పని నేర్చుకుని సొంతంగా నిలబడ్డారో వాళ్లే చెప్పాలి. ఇద్దరు కాలేజీ పిల్లలకి ఒక నోటుబుక్కు ఇచ్చి ఇంటింటికీ పంపు. సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు, 'పుష్కరాల ముందు', 'పుష్కరాలయ్యాక' అంటారు. అయినా పరవాలేదు, మొన్నటి కృష్ణా పుష్కరాలు 2016లో, అంతకుముందువి 2004లో వచ్చాయి. వాటిని పట్టుకుని లెక్క కట్టుకోవచ్చు.

అన్నట్టు, నీ చిత్తుప్రతిలో '2024 కృష్ణా వరదల్లో అన్నం పెట్టిన తల్లి' అని ఉంది. అది దిద్దు. ఆ సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం వచ్చింది కాబట్టి బయటివాళ్లు కృష్ణనీ బుడమేరునీ కలిపేస్తారు. మీ వీధిని ముంచింది మాత్రం కట్టలకి గండ్లు పడి వచ్చిన బుడమేరు వాగు. నడుంలోతు నీళ్లలో నిలబడ్డవాళ్లే సభలో కూర్చుంటారు, తప్పు చదివితే అక్కడే లేచి అంటారు. ఆవిడ మేడ మీద గ్యాస్ పొయ్యి పెట్టి, నాలుగిళ్ల బియ్యం కలిపి వండిన సంగతి ఉన్నదున్నట్టు రాస్తే చాలు. పాత ఫోటోల కోసం మీ వీధిలో వెతక్కు, ఆల్బమ్‌లన్నీ ఆ నీళ్లలో ముద్దయిపోయాయి. అంతకుముందే ఫ్లైఓవర్ ఇవతలికి మారిపోయిన కుటుంబాల్ని అడుగు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆవిడ వల్ల సాయం పొందినవాళ్లని పేరుపెట్టి స్టేజీ మీదికి పిలవొద్దు. తాగి కొట్టే మొగుడి నుంచి తప్పించిన అమ్మాయి ఉంటుంది, ఫీజు కట్టించుకున్న కుర్రాడు ఇప్పుడు ఆఫీసరై ఉంటాడు. ఆవిడ ఇన్నాళ్లూ ఎవరి గుట్టూ బయటపెట్టలేదు. ఆవిడ సన్మానంలో మీరు పెడితే ఎలా? మాట్లాడాలని ఉన్నవాళ్లు ముందుగా వాళ్లంతట వాళ్లే వచ్చి చెబుతారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. మైకు దగ్గర మొహమాటం లేని మనిషిని ఒకర్ని పెట్టుకో.

శాలువా ఒకటే కప్పండి. తలా ఒకటి తెచ్చి కప్పితే బీరువా నిండుతుందంతే. మంగళగిరి పక్కనే కదా, వెళ్లి నిజాం అంచు చేనేత చీర తీసుకురండి. రంగు ఆవిడ కోడలిని అడగండి. చవకగా వస్తోందని మరమగ్గం చీర తెచ్చేరు సుమా, పిన్ని ఒక్కసారి తడిమి చూసి పట్టేస్తుంది, ఏమీ అనదు కూడా.

డిసెంబరు 5న అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినం అని, ఐక్యరాజ్యసమితి 1985లో తీర్మానించిందని మీ కార్యదర్శి అన్నాడట. నిజమే, కానీ ఆ రోజు పనిదినమైతే కూలికి వెళ్లేవాళ్లు రాలేరు. దానికి దగ్గరి ఆదివారం సాయంత్రం చూసుకోండి. కార్తీకం ఆదివారాలు వనభోజనాలకే సరిపోతాయి, వాటి జోలికి పోవద్దు. హాలు కూడా అక్కర్లేదు, వీధిలోనే షామియానా వేయండి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పెడితే మీకు గొప్పగా ఉంటుందేమో గానీ, మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు అంత దూరం ఎవరొస్తారు?

డబ్బు సంగతి. పోగైన మొత్తం స్టేజీ మీద చదవకండి. చందాల లెక్క బోర్డు మీద రాసిపెట్టండి, అది వేరే విషయం. ఆవిడ కంటి శుక్లం ఆపరేషన్ వాయిదా వేస్తోందని, సూదిలో దారం ఎక్కించడానికి మనవరాలిని పిలుస్తోందని విన్నాను. కొడుకుతో మాట్లాడి ముందు అది చేయించండి. మిగిలింది ఆసుపత్రి ఆటో ఖర్చులకి విడిగా ఉంచండి. మనుషులకి డబ్బు అవసరం ఎంతో, వెంట వెళ్లే మనిషి అవసరం అంతే. మీ కమిటీలో ఎవరు ఏ వారం వెళతారో కాగితం మీద పెట్టి, ఆసుపత్రిలో ఏ గది ఎక్కడుందో ఆవిడ దగ్గర, ఎవరితో ఎలా మాట్లాడాలో నేర్చుకోండి. సన్మానం కంటే ముందే మొదలుపెడితే ఇంకా మంచిది.

నోటుబుక్కు నిండగానే ఇంటికి పట్టుకురా, పత్రం ఇద్దరం కూర్చుని రాద్దాం. ఆటో ఆయనకి మాత్రం వారం ముందే చెప్పు, ఆదివారం సాయంత్రం బేరాలు వదులుకుని రావాలి.

ఇట్లు,
మీ బాబాయి