టెక్ సందేహాలు: లైట్ వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం పాత ల్యాప్‌టాప్‌లవే, అందుకే ఫోన్ల సందేహాలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా.

కాకినాడ నుంచి ఒకరు: "2014లో కొన్న ల్యాప్‌టాప్ అండి, ఐ3 ఫోర్త్ జనరేషన్. రెండేళ్లుగా బీరువా మీద పడుంది. మొన్న బాబు ప్రాజెక్ట్ కోసం దించి చార్జర్ పెట్టి ఆన్ చేస్తే పవర్ లైట్ వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. షాపులో చూసి మదర్‌బోర్డు పోయింది, ఏడు వేలు అవుద్ది అన్నారు. అందులో పాప చిన్నప్పటి ఫోటోలు ఉన్నాయి, ఎక్కడా కాపీ లేదు. ఏం చెయ్యమంటారు?"

ముందు ఫోటోల సంగతి చెప్పేస్తా, మీ కంగారంతా అక్కడే కదా. ఫోటోలు ఉండేది హార్డ్ డిస్క్‌లో, మదర్‌బోర్డులో కాదు. బోర్డు నిజంగానే పోయినా సరే, డిస్క్ బయటికి తీసి సాటా టు యూఎస్‌బీ కేబుల్ ఒకటి తగిలించి వేరే కంప్యూటర్‌కి పెడితే పెన్‌డ్రైవ్ తెరుచుకున్నట్టే తెరుచుకుంటుంది, ఆ కేబుల్ కొన్ని వందల్లోనే దొరుకుద్ది. యూజర్స్ ఫోల్డర్లోకి వెళ్తే పర్మిషన్ లేదని ఒక బాక్స్ వస్తుంది, కంటిన్యూ నొక్కి కాసేపు ఆగండి, ఫైల్స్ ఎక్కువుంటే టైమ్ పడుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌ని ఏ షాపులో ఇచ్చినా ముందు డిస్క్ తీసి ఇంట్లో పెట్టుకుని ఇవ్వండి. "ఫార్మాట్ కొట్టి చూద్దాం సార్" అంటే అస్సలు ఒప్పుకోవద్దు, స్క్రీనే రాని దానికి ఫార్మాట్ ఏంటి అసలు!

ఇక మదర్‌బోర్డు. లైట్ వచ్చి డిస్‌ప్లే రాకపోతే అరనిమిషంలో బోర్డు పోయిందని చెప్పేయడం చాలా షాపుల్లో మామూలే, కొన్నిసార్లు నిజం కూడా అయ్యుండొచ్చు, కానీ అంతకంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి, అన్నీ ఇంట్లోనే అవుతాయి.

మొదట, మెషీన్ లోపల పని చేస్తూ స్క్రీన్ మాత్రమే పోయిందా, లేక మెషీనే మొదలవట్లేదా అని తేల్చుకోవాలి. ఆన్ చేసి ఒకట్రెండు నిమిషాలు ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైట్ వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉన్నట్టే. అప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి చూడండి, టీవీలో బొమ్మ వస్తే తప్పు స్క్రీన్‌ది గానీ, మడత దగ్గర నలిగిపోయిన డిస్‌ప్లే కేబుల్‌ది గానీ. గది చీకటి చేసి స్క్రీన్ మీద ఫోన్ టార్చ్ ఏటవాలుగా కొట్టినా తెలుస్తుంది, మసకమసకగా బొమ్మ కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయిందంతే.

క్యాప్స్ లాక్ కూడా పలకలేదంటే అసలు పని ఇక్కణ్ణుంచి.

చార్జర్ తీసేయండి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసేయండి, పవర్ బటన్ ఒక 30 సెకండ్లు నొక్కి పట్టుకోండి, తర్వాత బ్యాటరీ లేకుండా చార్జర్ మాత్రమే పెట్టి ఆన్ చేయండి. బోర్డు మీద మిగిలిపోయిన కరెంటు పోవడానికి ఇది. చెప్తే నవ్వుతారు గానీ చాలా ల్యాప్‌టాప్‌లు ఇంతటితోనే లేచి కూర్చుంటాయి. ఈ బ్యాటరీ తీసేటప్పుడు ఒకటి గమనించండి, రెండేళ్లు చార్జింగ్ లేకుండా పడున్న బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా అడుగు మూత పొంగినట్టున్నా దాన్ని గుచ్చడం, నొక్కడం లాంటివి చెయ్యకుండా పక్కన పెట్టేయండి, చార్జర్ మీదే నడిపించుకోవచ్చు.

అలా కాలేదనుకోండి, ర్యామ్, అంటే మెషీన్ పని చేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ ముక్క. నా అనుమానం ఎక్కువగా దీని మీదే, ఎందుకంటే మీది సముద్రం పక్క ఊరు, ఉప్పు గాలి, తేమ, పైగా రెండేళ్లు వాడకుండా పడుంది. చార్జర్, బ్యాటరీ రెండూ తీసేసిన తర్వాతే మొదలుపెట్టండి. 2014 నాటి మోడల్స్‌లో చాలావాటికి అడుగున చిన్న మూత ఉంటుంది, ఒకటో రెండో స్క్రూలు విప్పితే ర్యామ్ కనిపిస్తుంది. కొన్నిటికి అడుగు మొత్తం విప్పాలి, రబ్బరు కాళ్ల కింద దాక్కున్న స్క్రూలు మర్చిపోయి మూత లాగితే విరుగుద్ది, స్క్రూలన్నీ తీశాక పాత ఏటీఎం కార్డు సందులో పెట్టి మెల్లగా చుట్టూ తిప్పండి. ర్యామ్‌కి రెండు పక్కలా చిన్న రేకు క్లిప్పులు ఉంటాయి, రెండూ ఒకేసారి బయటికి జరిపితే ర్యామ్ దానంతటదే టప్పుమని ఏటవాలుగా లేస్తుంది, అదే వాలులో బయటికి లాగండి. అంచున బంగారు రంగు గీతలు ఉంటాయి చూడండి, అవి మెరవకుండా మాసినట్టు కనిపిస్తే దొంగ దొరికినట్టే. పిల్లల తెల్ల రబ్బరు తీసుకుని ఆ గీతల్ని పొడవునా మెల్లగా రుద్ది, రాలిన పొడి మెత్తటి బట్టతో తుడిచేసి, స్లాట్‌లో కూడా ఒకసారి గాలి ఊది, నోటితో కాదండోయ్, ఉమ్మి తుంపర్లు పడతాయి, బ్లోయరో బ్రష్షో వాడండి, మళ్లీ ఏటవాలుగానే లోపలిదాకా దూర్చి కిందికి నొక్కితే క్లిప్పులు రెండూ క్లిక్‌మనాలి. ఒక్కటే క్లిక్‌మంటే సరిగ్గా కూర్చోలేదని. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటి విడిగా, స్లాట్లు మార్చి మార్చి చూడండి. పెట్టాక మొదటిసారి స్క్రీన్ రావడానికి కొంచెం ఎక్కువ టైమ్ పడుతుంది, దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అవ్వొచ్చు కూడా, కంగారుపడి బటన్ నొక్కేయకుండా రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

కొత్త ర్యామ్ కొనాల్సి వస్తే ఫోర్త్ జనరేషన్‌కి డీడీఆర్3ఎల్ అని అడగండి, ఆ ఎల్ ముఖ్యం, అది 1.35 వోల్టులది, మామూలు డీడీఆర్3 1.5 వోల్టులది. తప్పుది తెచ్చి పెడితే మళ్లీ ఇదే నల్ల స్క్రీన్ చూసి బోర్డే పోయిందనుకుంటారు.

మెషీన్ తనకేమైందో తనే చెప్తుంది కూడా, మీరు కంపెనీ పేరు రాయలేదు కాబట్టి రెండు చెప్తా. పాత హెచ్‌పీ అయితే క్యాప్స్ లాక్ లైట్ ఎన్నిసార్లు కొట్టుకుని ఆగుతుందో లెక్కపెట్టండి, 3 అయితే ర్యామ్, 5 అయితే బోర్డు. ఆ కాలం డెల్ అయితే బీప్ శబ్దాలు వస్తాయి, 2 గానీ 4 గానీ అయితే ర్యామ్, 5 అయితే లోపలి సెల్లు. షాపతను బోర్డు అంటే, ఎన్ని బ్లింకులు వచ్చాయండీ అని ఒక్క మాట అడిగి చూడండి.

ఆ లోపలి సెల్లు అంటే సీమాస్ బ్యాటరీ, మెషీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు తేదీ లాంటివి గుర్తుంచే, వాచీ సెల్లు లాంటి బిళ్ల, ఎక్కువగా సీఆర్2032 నంబరుది, 3 వోల్టులు ఇవ్వాలి. రెండేళ్లు పడుంటే అది నీరసపడి ఉండొచ్చు. వంద రూపాయల లోపు వస్తువు, కొన్ని మోడల్స్‌లో వైరుతో ఉన్నది కావాలి, పాతది చూపించి కొనండి. దీని దగ్గర ఒక మెలిక ఉంది, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. సెల్లు అయిపోయినా, మార్చినా బయోస్ (మెషీన్ ఆన్ అవ్వగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు ఫ్యాక్టరీలో ఉన్నట్టు మారిపోవచ్చు. 2014 నాటి ల్యాప్‌టాప్‌లు కొన్ని డాస్‌తో, అంటే విండోస్ లేకుండా కొని తర్వాత షాపులో విండోస్ 7 వేయించుకున్నవి, అది లెగసీ అనే పాత బూట్ మోడ్‌లో వేసుండొచ్చు. ఇప్పుడు బయోస్ మళ్లీ యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్‌కి వెళ్లిపోతే "బూట్ డివైస్ నాట్ ఫౌండ్" అని వస్తుంది, డిస్క్ భేషుగ్గా ఉన్నా సరే. స్క్రీన్ వచ్చింది గానీ డిస్క్ పోయిందిరా దేవుడా అని ఏడవకుండా, ఎఫ్2 గానీ ఎఫ్10 గానీ కొట్టి బయోస్‌లోకి వెళ్లి బూట్ మోడ్‌ని లెగసీకి మార్చి, తేదీ సరిచేసి, సేవ్ చేసి బయటికి రండి.

ఇవన్నీ చేసినా రాకపోతే అప్పుడు బోర్డు అని ఒప్పుకుందాం. కానీ ఏడు వేలు మాత్రం పెట్టొద్దు. ఆ ప్రాసెసర్ మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, దానికి ఇంటెల్‌లో మామూలుగా కనీసం ఎయిత్ జనరేషన్ ఉండాలి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. ర్యామ్ తుడిస్తే లేచిందా, సంతోషం, హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ ఒకటి వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ ఎక్కించండి, బాబు ప్రాజెక్టులకి, యూట్యూబ్‌కి హాయిగా సరిపోద్ది. బోర్డు మార్చడం మాత్రం దండగ ఖర్చు.

వరంగల్ నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి: "నాది విండోస్ 10 ల్యాప్‌టాప్. కంపెనీ లోగో వస్తుంది, చుక్కలు తిరుగుతాయి, ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్ అని వచ్చి మళ్లీ మొదటికి వస్తుంది. మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ డెస్క్‌టాప్ మీదే ఉంది, సోమవారం సబ్మిషన్!"

నీకైతే రిపేర్ తర్వాత, రిపోర్ట్ ముందు. ఆ రిపేర్ స్క్రీన్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అని కనిపిస్తే దాన్లోంచి ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్‌కి వెళ్లు. అది కనిపించకపోతే లోగో వచ్చి చుక్కలు తిరిగేటప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపెయ్, ఇలా వరసగా మూడుసార్లు చేస్తే సాధారణంగా ఆ మెనూ వస్తుంది. నల్ల విండోలో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టు. అవును, మామూలు నోట్‌ప్యాడే. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కితే ఒక బాక్స్ వస్తుంది, కింద టెక్స్ట్ ఫైల్స్ అని ఉన్న దగ్గర ఆల్ ఫైల్స్ అని మార్చు, అంతే, నీ డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. సీ డ్రైవ్ పేరు ఇక్కడ డీ అనో ఈ అనో మారి ఉండొచ్చు, యూజర్స్ ఫోల్డర్ ఎందులో ఉందో చూసుకో. రిపోర్ట్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. కాపీ అవుతున్నట్టు బార్ ఏమీ రాదు, బాక్స్ బిగుసుకుపోయినట్టు ఉంటుంది, కదిలించకు. మధ్యలో బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ అడిగితే నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్‌లో లాగిన్ అయితే 48 అంకెల నంబర్ దొరకొచ్చు.

రిపోర్ట్ చేతికొచ్చాక అదే మెనూలో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, అది కాకపోతే సిస్టమ్ రిస్టోర్, ఈ వరసలో చెయ్యి. డిస్క్ లోంచి టిక్కుటిక్కుమని శబ్దం వస్తున్నా, కాపీ చేసేటప్పుడు గంటలు గంటలు ఆగిపోయినా ఇవేవీ చెయ్యకు, డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ అయితే అసలు వద్దు, చచ్చే డిస్క్ చేత పరుగు తీయించినట్టు అవుద్ది. కావాల్సినవి తీసుకుని ఎస్ఎస్‌డీకి మారిపో.

తెనాలి నుంచి డీటీపీ చేసే ఒకరు: "విండోస్ 7 ల్యాప్‌టాప్, పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్స్ అన్నీ దాన్లోనే. పెళ్లి కార్డుల సీజన్ ముందు పూర్తిగా చచ్చిపోయింది, చార్జర్ పెట్టినా ఒక్క లైటూ లేదు."

ఒక్క లైటూ లేదంటే ముందు చార్జర్నే అనుమానించండి గురువుగారూ. పిన్ను దగ్గర వైరు లోపల తెగి ఉంటుంది, పైకి బాగానే కనిపిస్తుంది. మల్టీమీటర్‌తో పిన్ను లోపల ఒకటి, బయట ఒకటి పెట్టి డీసీ వోల్టులు చూస్తే, వెనకాల లేబుల్ మీద 19.5 అనుంటే దాదాపు అంతే రావాలి, వైరు అటూ ఇటూ వంచినప్పుడు రీడింగ్ ఊగితే అది పోయినట్టే. కొత్తది తెచ్చేటప్పుడు పిన్ను పట్టిందా అని మాత్రమే చూస్తారు అందరూ, వోల్టులు అంతే ఉండాలి, వాట్లు పాతదానికి తగ్గకూడదు. చార్జర్ బాగానే ఉంటే డీసీ జాక్, అంటే ల్యాప్‌టాప్‌లో చార్జర్ పిన్ను దూరే రంధ్రం చూడండి, వదులైతే అది ఒక్కటే మార్చొచ్చు, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఇలాంటి పాత మోడల్ జాక్‌లు వెతికి పట్టుకోవచ్చు.

మీ ఫైల్స్‌కి పై కేబుల్ పద్ధతే. అయితే పేజ్‌మేకర్ ఫైల్స్ ఒక్కటీ కాపీ చేస్తే చాలదు, అను ఫాంట్స్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు కదా, ఫాంట్స్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలొస్తాయి, అందుకని విండోస్ ఫోల్డర్లోని ఫాంట్స్ కూడా కాపీ చేసుకోండి. మెషీన్ లేచిన రోజునే పాత కార్డులన్నీ పీడీఎఫ్‌లు చేసి పెట్టండి.

నిజామాబాద్ నుంచి: "మా అబ్బాయి అమెరికా నుంచి తన పాత ల్యాప్‌టాప్ పంపాడు. ఇక్కడ పెడితే ఆన్ అవ్వలేదు. అక్కడి కరెంటు 120 వోల్టులు కదా, మన 230కి కాలిపోయిందా?"

దాదాపుగా కాలిపోయి ఉండదండి. చార్జర్ వెనకాల ఇన్‌పుట్ అని ఉన్న దగ్గర 100–240 అని రాసుందేమో చూడండి, ల్యాప్‌టాప్ చార్జర్లకి మామూలుగా అలాగే ఉంటుంది, అంటే రెండు దేశాల్లోనూ నడుస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఏమీ కొనక్కర్లేదు. చిక్కు ఎక్కువగా పిన్నుతోనే, అమెరికా చదును పిన్నులు మన సాకెట్‌లో వదులుగా ఉండి అసలు కరెంటే అందకపోవచ్చు, చార్జర్ మీద చిన్న లైటుంటే అది వెలుగుతుందో లేదో చూడండి. గోడ నుంచి చార్జర్ డబ్బా దాకా వచ్చే వైరు చాలావాటికి విడిగా ఊడుతుంది, అదొక్కటి మన మూడు పిన్నులది తెచ్చి పెట్టండి. అబ్బాయి పాస్‌వర్డ్ కూడా ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి, ఆన్ అయ్యాక అడుగుదామంటే అక్కడ అర్ధరాత్రి అయ్యుంటుంది.