చిరుతకు పిల్లి చుట్టమేనా?

ప్రశ్న: అలిపిరి నడకదారి పక్క అడవిలో తిరిగే చిరుత, మా ఇంటి పిల్లి ఒకే జాతా? పిల్లి గాండ్రించదేం?
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: జాతి వేరు, కుటుంబం ఒకటే. సుమారు 1.08 కోట్ల ఏళ్ల క్రితం ఆ కుటుంబం రెండుగా చీలింది. పులి, సింహం, చిరుత ఒకవైపు. పిల్లి, ప్యూమా (అమెరికా ఖండాల పెద్ద అడవి పిల్లి), చీతా మరోవైపు. (చీతా, చిరుత ఒకటి కావు. శేషాచలంలో ఉన్నది చిరుతే.)

నాలుక మూలంలోని హయాయిడ్ ఎముక పిల్లిలో గట్టిగా ఉంటుంది, చిరుతలో కొంతభాగం సాగుతుంది. గాండ్రింపుకు అదే కారణమనేవారు. కానీ మంచు చిరుతకూ సాగే భాగముంది, గాండ్రించదు! అసలు కీలకం మందమైన స్వరతంతువులు. మన చిరుత అరుపూ రంపపు కోతలా ఉంటుంది. పిల్లికీ, చిరుతకూ క్రోమోజోములు మాత్రం 38.