సంక్రాంతి దాకా మీ ఇద్దరి కంచాల సంగతి

బుజ్జమ్మా,

ట్రీట్‌మెంట్‌కి ముందు ఏం తినాలి, ఏం మానాలి అని నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా చెప్పలేకపోయాను. పక్కన మీ పెదనాన్న టీవీ గోల, పొయ్యి మీద పాలు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. సంక్రాంతి వెళ్ళాక ఐవీఎఫ్, అదే ల్యాబులో అండాన్నీ వీర్యకణాన్నీ కలిపి పిండాన్ని గర్భంలో పెట్టే ట్రీట్‌మెంట్, మొదలుపెడదామన్నారు కదా మీ డాక్టరుగారు, దసరా ఇంకా నిన్ననే అయింది, అంటే చేతిలో మూడు నెలలున్నాయి. ఇన్నాళ్ళు ఆగాలా అని విసుక్కున్నావు గానీ ఆ మూడు నెలలు నీకు కలిసొచ్చేవే. పికప్ రోజున, అంటే అండాలు బయటికి తీసే రోజున, వచ్చే అండం ఆ నెలలో పుట్టుకొచ్చేది కాదమ్మా, దాని చివరి ఎదుగుదలకే దాదాపు మూడు నెలలు పడుతుంది. మగవాళ్ళలో వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు. జనవరిలో ల్యాబులోకి వెళ్ళేవి ఇప్పుడు మీ ఇద్దరి ఒంట్లో తయారవుతున్నాయన్నమాట.

ఇద్దరి అని ఎందుకన్నానంటే, నువ్వు వాట్సాప్‌లో పంపిన డైట్ చార్టు రెండుసార్లు చదివాను, అంతా నీకే, అల్లుడుగారికి ఒక్క లైను లేదు. ముప్పై ఏళ్ళు సిస్టర్‌గా చేశాను, అందులో సగం పిల్లల కోసం వచ్చే జంటల ఓపీలోనే, ఎన్నిసార్లు చూశానో ఈ తంతు! ఆడపిల్ల మొలకలు నముల్తూ కూర్చుంటుంది, ఆయన బయటికెళ్ళి సిగరెట్ కాల్చుకొస్తాడు. సిగరెట్, గుట్కా ఏదున్నా ఈరోజే ఆపమను. ఆదివారం మందు కూడా. జిమ్ముకెళ్తున్నాడన్నావు, మంచిదే, కానీ కండల కోసం అక్కడ ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు ఇస్తామంటే దగ్గరికి వెళ్ళొద్దను, అవి తీసుకుంటే కణాల తయారీ దాదాపు నిలిచిపోతుంది. రిపోర్టులో సున్నా చూసి గుడ్లు తేలేసిన కుర్రాళ్ళు నాకు తెలుసు. ఆయన కోసం ఆన్‌లైన్లో తెప్పించిన జింక్ మాత్రల సంగతి అడిగావు. అమెరికాలో 2,370 జంటల మీద పరీక్షించి 2020లో ఫలితాలు చెప్పారు, మగవాళ్ళకు ఫోలిక్ యాసిడ్, జింక్ కలిపి ఆరు నెలలిచ్చినా కణాలు మెరుగుపడలేదు, పిల్లలు పుట్టడమూ పెరగలేదు, పైగా కడుపులో ఇబ్బందులు ఎక్కువయ్యాయి. ఆ డబ్బులతో పళ్ళు, గుడ్లు, గుప్పెడు వాల్‌నట్లు కొనండి.

నీకు మాత్రం ఫోలిక్ యాసిడ్ తప్పదు. తోటకూర, పాలకూర తింటున్నాగా అంటావు, తిను, కానీ మాత్ర మాత్రే. బిడ్డ మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది, సరిగ్గా మూసుకోకపోతే బిడ్డకు లోపం వస్తుంది, చాలామందికి అప్పటికింకా టెస్ట్ చేసుకోవాలని కూడా తట్టదు. అందుకే ముందునుంచీ ఉండాలి. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు, షాపులో అడిగితే మాత్రం తరచుగా 5 మిల్లీగ్రాములది చేతిలో పెడతారు, అది షుగర్ ఉన్నవాళ్ళకు, ఫిట్స్ మందులు వాడేవాళ్ళకు, ముందు కాన్పులో ఇలాంటి లోపం వచ్చినవాళ్ళకు రాస్తారు. నీకు ఏది కావాలో డాక్టర్ని అడిగి కొనుక్కో. పీసీఓఎస్‌కి, అదే అండాశయాల్లో నీటిబుడగల సమస్యకి, మెట్‌ఫార్మిన్ రెండేళ్ళుగా వేసుకుంటున్నావు, అది విటమిన్ బీ12ని తగ్గిస్తుంది, నువ్వేమో కార్తీక మాసమని గుడ్డు కూడా మానేస్తానంటున్నావు! బీ12 పరీక్ష ఒకసారి చేయించు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటావుగా, ఐరన్, కాల్షియం మాత్రలకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉంచు, అన్నీ కలిపి ఒక్క గుక్కలో మింగకు.

ఇక బరువు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఏమనుకోకు, ఇక్కడ నేను దెబ్బతిన్నదాన్ని. నేను ట్రీట్‌మెంట్‌లో ఉన్నప్పుడు మా అత్తగారు పుష్టిగా ఉంటేనే నిలుస్తుందని పూటకో సున్నుండ పెట్టేది, ఏడాదిలో తొమ్మిది కిలోలు పెరిగాను. డాక్టరు తగ్గమంటే నాకు రోషమొచ్చి రాత్రి భోజనం మానేశా, పగలు రెండు ఇడ్లీలు, మజ్జిగ. ఆర్నెల్లకు బరువు తగ్గింది గానీ నెలసరి రెండు నెలలు రాలేదు. నర్సుని అయ్యుండి! కడుపు మాడిస్తే ఒళ్ళు కరువొచ్చిందనుకుంటుంది, అండం విడుదల ఆపేస్తుంది. నువ్వు 74 కిలోలన్నావు. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకు బరువులో నూటికి ఐదు నుంచి పది వంతులు తగ్గినా నెలసరి దారికొచ్చే అవకాశం ఉంది, అంటే నీకు నాలుగు కిలోలతో మొదలు. అదీ మెల్లగా. నీ స్నేహితురాలు చెప్పిన జ్యూసుల డైట్ వద్దు. నెదర్లాండ్స్‌లో బరువెక్కువున్న ఆడవాళ్ళను ముందు ఆరు నెలలు బరువు తగ్గించే పద్ధతిలో పెట్టి ఆ తర్వాత ట్రీట్‌మెంట్‌కి పంపారు, 2016లో ఫలితం వచ్చింది. నేరుగా ట్రీట్‌మెంట్‌కి వెళ్ళినవాళ్ళ కంటే వీళ్ళకు కాన్పులు ఎక్కువేం కాలేదు, కాకపోతే ట్రీట్‌మెంట్ లేకుండా సహజంగా నిలిచినవి ఎక్కువున్నాయి. అందుకని ఇంకో పది కిలోలు తగ్గాకే మొదలుపెడతానని నువ్వు వాయిదాలు వేయకు. నీకు ముప్పై ఐదు నిండుతున్నాయి, కిలోలు తర్వాతైనా తగ్గుతాయి, వయసు ఆగదు.

తిండికి పెద్ద చార్టులేం అక్కర్లేదు. మన భోజనంలో తప్పొక్కటే, అన్నం కొండ, పప్పు చెంచాడు. తిరగెయ్యి. ముద్దపప్పో, శనగలో, అలసందలో, గుడ్డో, చేపో కంచంలో ముందు పడాలి, కూర రెండు గరిటెలు, తర్వాత అన్నం. ఒక పూట జొన్నరొట్టె. పొద్దున ఉప్మా బదులు పెసరట్టు, ఉప్మా లేకుండా సుమా! గోంగూర, మునగాకు దొరికినప్పుడల్లా. మన దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 సర్వేలో తేలింది, నీ హిమోగ్లోబిన్ ఎంతో నాకు ఇంతవరకు చెప్పలేదు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, గంట ఆగు, పప్పులో నిమ్మకాయ పిండుకో. కాఫీ రోజుకు రెండు చిన్న కప్పులు దాటొద్దు, ఆఫీసు మెషిన్ దగ్గర తాగేవీ లెక్కలోకే వస్తాయి. చేపల్లో బొచ్చె, శీలావతి, కవళ్ళు బాగుంటాయి. సొర మాత్రం ఇప్పుడు వద్దు, పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ, సొరపిట్టు బాలింతకు పెడతామని మీ అమ్మ పట్టుకొస్తే నా పేరు చెప్పు.

పిండాన్ని గర్భంలో పెట్టే ట్రాన్స్‌ఫర్ అయ్యాక సలహాలు వరదలా వస్తాయి. నువ్వులు వేడి, అనాస వేడి, కాలు కింద పెట్టకు అని. పచ్చి బొప్పాయి మానెయ్, మిగతావి మామూలుగా తిను, మామూలుగా నడువు, మంచమెక్కి పడుకుంటే పిండం గట్టిగా పట్టుకుంటుందన్నది నిజం కాదు. పికప్ అయ్యాక పొట్ట బాగా ఉబ్బినా, మూత్రం తగ్గినా, ఒక్కరోజులో కిలో పైన బరువు పెరిగినా కొబ్బరినీళ్ళు తాగుతూ ఇంట్లో కూర్చోకు, వెంటనే ఫోన్ చెయ్.

ఒకటి గట్టిగా చెప్తున్నా. ఏఎంహెచ్‌ని, అంటే ఇంకా ఎన్ని అండాలు మిగిలున్నాయో చెప్పే హార్మోన్ని, పెంచే తిండి ఏదీ లేదు. ఎవడైనా పొడి అమ్మితే వాడు అబద్ధమాడుతున్నట్టే. మొదటిసారి ఫెయిలైతే, ఆ రోజు పానీపూరీ తిన్నందుకే పోయిందని నన్ను పట్టుకుని ఏడ్చిన పిల్లలు నాకింకా గుర్తే. కాదమ్మా, చాలాసార్లు ఆ పిండంలోనే క్రోమోజోముల తేడా ఉంటుంది, పానీపూరీకి అంత శక్తి లేదు. నెలకోసారి బిర్యానీ తిను, నేనేం అనను.

శుక్రవారం మీ మావయ్య హైదరాబాద్ వస్తున్నాడు, మునగాకు కారం, రెండు కిలోల జొన్నపిండి పంపిస్తున్నా. పిండి ఫ్రిజ్‌లో పెట్టు, పురుగు పడుతుంది. ఆ హిమోగ్లోబిన్ రిపోర్ట్ ఫోటో ఇవాళే పంపు, అల్లుడుగారిది కూడా.

మీ పెద్దమ్మ