క్లారినెట్‌లో మాస్టర్స్‌ చేయాలంటే ఎలా సిద్ధం కావాలి?

అమెరికాలో చాలా సంగీత కళాశాలలకు దరఖాస్తు గడువు డిసెంబర్ 1. ముందు వీడియోలు పంపాలి, అవి నచ్చితేనే జనవరి, ఫిబ్రవరిల్లో ఆడిషన్‌కి పిలుస్తారు. అంటే వేసవికల్లా వాయించాల్సిన కృతులు చేతికి వచ్చేయాలి.

దాదాపు తప్పక అడిగేది మోజార్ట్ క్లారినెట్ కన్చెర్టో (1791), అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క వాద్యం ముందుండి వాయించే కృతి. అది ‘ఎ’ (A) క్లారినెట్‌కి రాసింది; మామూలుగా వాడే ‘బి-ఫ్లాట్’ క్లారినెట్ కన్నా దీని శ్రుతి కాస్త తక్కువ. మీ దగ్గర బి-ఫ్లాట్ ఒక్కటే ఉంటే ‘ఎ’ క్లారినెట్‌ని అరువైనా తెచ్చుకోండి, అదీ నెలల ముందే. అది కాస్త పొడవు, వేళ్ల మధ్య దూరమూ ఊపిరి ఆనే తీరూ మారతాయి.

ఆడిషన్‌లో అడిగే ఆర్కెస్ట్రా కృతుల ముక్కల్లో మెండెల్సన్ స్కెర్జో (‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ సంగీతంలోని వేగమైన భాగం) చాలామందిని పడగొడుతుంది. వేళ్లు బాగానే పరుగెడతాయి, స్వరాలను విడివిడిగా పలికించే నాలుకే వెనకబడుతుంది. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) దెబ్బకో బార్ (ఒక తాళావర్తం లాంటిది) చొప్పున, నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, శుభ్రంగా పలికాకే నాలుగేసి పెంచుతూ 84–88కి చేరండి.

వీడియోలో ఒక్కో కృతిని మధ్యలో అతుకు లేకుండా ఒకే ఊపులో తీయాలి. ఫోన్‌లో శబ్దాన్ని దానంతటదే సరిచేసే అమరిక ఆపేయండి; లేకపోతే మీరు కష్టపడి తెచ్చిన సన్నని స్వరం, గట్టి స్వరం ఒకేలా వినిపిస్తాయి.

రీడ్‌లు (ఊదే చోట బిగించే, కంపించి స్వరం పుట్టించే పలుచని బద్దలు) కనీసం ఆరు సిద్ధంగా ఉంచుకోండి. కొత్తదాన్ని మొదటి వారం రోజుకు ఐదేసి నిమిషాలే వాయించాలి. హీటర్ గదుల పొడి గాలికి రీడ్ కొన అలలు తిరిగి, స్వరానికి బదులు బుస్సుమని గాలి వస్తుంది. తేమ నిలిపే డబ్బాలో పెట్టండి.