సంక్రాంతి ఖర్చుకు ఫిబ్రవరిలో ఎఫ్‌డీ తీయవలసి వస్తోంది, పండుగ మానుకోవాలా?

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, నా భార్యకు 63. తణుకు దగ్గర సొంత ఇంట్లో ఉంటున్నాం. నేను పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడింది. ఈపీఎస్-95 (ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ నెలకు 3,200 రూపాయలు వస్తుంది. 2023 మేలో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 18 లక్షలు వేశాను. ఒక సహకార బ్యాంకులో 6 లక్షలు, 4 లక్షల ఎఫ్‌డీలు 7 శాతం వడ్డీకి ఉన్నాయి. నెల ఖర్చు 20 వేలు. సంక్రాంతికి కూతురు, అల్లుడు, కొడుకు కుటుంబం వస్తారు కనుక 75 వేల దాకా అవుతుంది. అందులో బట్టలకు 32 వేలు, అల్లుడి కానుకకు 15 వేలు, ఆ కానుక తగ్గించలేను. ఏటా ఫిబ్రవరిలో ఏదో ఒక ఎఫ్‌డీ తీయవలసి వస్తోంది. డిసెంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం) పండుగ పనుల్లో పడి మరచిపోయాం, పోయిన జనవరిలో పెన్షన్ కూడా పడలేదు. ఫ్యాక్టరీయే లేనప్పుడు పెన్షన్ ఎన్నాళ్లు ఇస్తారని నా భార్య భయపడుతోంది.

జవాబు: పండుగ మానుకోనక్కర్లేదు. ముందుగా మీ శ్రీమతి గారి భయం సంగతి చూద్దాం. మీ పెన్షన్ ఇస్తున్నది ఫ్యాక్టరీ కాదు. మీరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పెన్షన్ కోసం నిర్ణయించిన పరిమితి వరకు ఉన్న జీతంపై యాజమాన్యం వాటాగా 8.33 శాతం, కేంద్ర ప్రభుత్వం వాటాగా 1.16 శాతం పెన్షన్ నిధికి జమయ్యాయి. ఆ నిధి నుంచి ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్ఓ) ఇస్తుంది కనుక ఫ్యాక్టరీ మూతపడినా పెన్షన్ ఆగదు. జనవరిలో ఆగడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది: డిసెంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ పండుగ పనుల్లో పడి మరచిపోయామని రాశారు. ఈపీఎస్ పెన్షనర్లు దాన్ని ఏడాదిలో ఏ నెలలోనైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. కాబట్టి ఈసారి ఆగస్టులోనే ఇచ్చేయండి, ఇక ఏటా ఆ నెలే గడువు అవుతుంది. ఫోనులో ముఖం చూపించి ఇంటి నుంచే ఇచ్చే వీలుంది. అయితే లైఫ్ సర్టిఫికెట్ పేరుతో ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మాత్రం చెప్పకండి.

ఇక ఫిబ్రవరి ఇబ్బందికి వస్తే, సీనియర్ సిటిజన్స్ స్కీమ్ వడ్డీ మూడు నెలలకొకసారి పడుతుంది. జనవరి మొదటి పనిదినాన ఖాతాలోకి వచ్చే 36,900 రూపాయలు, భోగికి సరిగ్గా పది పన్నెండు రోజుల ముందు, పండుగ కోసమే వచ్చినట్టు కనిపిస్తాయి. నిజానికి అవి మార్చి దాకా మీ బియ్యానికి, బీపీ మాత్రలకు, కరెంటు బిల్లుకు కావలసిన డబ్బు. ఆ సొమ్ము బట్టల దుకాణంలో ఖర్చయిపోవడం వల్లనే ఫిబ్రవరిలో ఎఫ్‌డీ మీద చెయ్యి పడుతోంది. గడువుకు ముందు తీసినందుకు వడ్డీలో కోత కూడా పడుతుంది.

పెన్షన్, స్కీమ్ వడ్డీ, ఎఫ్‌డీల వడ్డీ మూడూ కలిపితే ఏడాదికి 2,56,000 రూపాయలు, ఇంటి ఖర్చు 2,40,000. అంటే పండుగకు మిగిలేది 16 వేలే, తక్కిన 59 వేలు అసలులోంచి పోతున్నాయి. సహకార బ్యాంకులో ఉన్న 10 లక్షల్లో బ్యాంకు దివాలా తీస్తే ఆదుకునే డిపాజిట్ బీమా వర్తించేది వడ్డీతో కలిపి 5 లక్షలకే. అందుకని 6 లక్షల ఎఫ్‌డీ గడువు తీరగానే ఆ మొత్తాన్ని సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లోకి మార్చండి. దాని పరిమితి 30 లక్షలు కనుక చోటు ఉంది. ఇప్పటి 8.2 శాతం వడ్డీయే దొరికితే ఏడాదికి 7,200 రూపాయలు అదనంగా వస్తాయి, పండుగకు మిగిలేది 23,200 అవుతుంది. అందులోంచి నెలకు 1,900 చొప్పున పన్నెండు నెలల రికరింగ్ డిపాజిట్ కట్టి, డిసెంబరులో చేతికొచ్చేలా పెట్టుకోండి.

పండుగ పద్దులో బట్టలకే 32 వేలు ఉన్నాయి. మనవలకు, ఆడపిల్లలకు తీసుకుని పెద్దవాళ్లు ఈసారికి ఆగితే 15 వేలు తగ్గుతాయి. కనుమ నాటి భోజనాలతో సహా సరుకుల ఖర్చు 10 వేలు మీ అబ్బాయి పెట్టుకోవచ్చు. సంపాదిస్తున్న కొడుకును ఆ మాట అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. అరిసెలు, జంతికలు దుకాణంలో కిలోల లెక్కన కొనే బదులు కొత్త బియ్యం, బెల్లం తెచ్చుకుని, పాకం పట్టడం తెలిసిన మనిషిని ఒక రోజు పిలిపించుకుంటే మరో మూడు నాలుగు వేలు తగ్గవచ్చు. అల్లుడి కానుక 15 వేలు తగ్గించమని నేను చెప్పను, ఆ మర్యాద మీకెంత ముఖ్యమో ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఇలా చేస్తే ఖర్చు 46 వేలకు దిగుతుంది, అసలులోంచి తీయవలసింది 23 వేలే. 28 లక్షలలో అది ఒక శాతం కన్నా తక్కువ, దానికి బెంగపడకండి.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది వేరే విషయం. ఈపీఎస్ పెన్షన్‌కు కరువు భత్యం లేదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇప్పటి 20 వేల ఇంటి ఖర్చు ఏడేళ్లలో 30 వేలవుతుంది, పెన్షన్ మాత్రం 3,200 దగ్గరే ఉంటుంది. మీ తదనంతరం ఆవిడకు వచ్చేది అందులో సగం, 1,600 రూపాయలు. మీకంటే నాలుగేళ్లు చిన్నవారు కనుక ఆవిడ చాలా ఏళ్లు ఒంటరిగా ఇల్లు నడుపుకోవలసి రావచ్చు, అప్పుడు ఆసరా ఈ అసలే. అందుకే ఏటా 59 వేలు పోకూడదంటున్నాను. కొత్త ఖాతాలో ఆవిడను జాయింట్ హోల్డరుగా చేర్చండి, పాత ఖాతాలకూ రెండు ఎఫ్‌డీలకూ నామినీ ఉన్నారో లేదో చూడండి. పెన్షన్ ఆర్డరులో ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూసి, తేడా ఉంటే మీరు తిరగగలిగినప్పుడే సవరించుకోండి. 2028 మేలో పాత 18 లక్షల గడువు తీరుతుంది, మరో మూడేళ్లు పొడిగించుకోవచ్చు కానీ అప్పటికి అమలులో ఉన్న వడ్డీయే వర్తిస్తుంది. ఆ నెలలో ఈ లెక్కంతా మళ్లీ ఒకసారి వేసుకోవలసి ఉంటుంది.